పికప్ టైరు ఎంపిక: నల్లగొండ, పాలమూరు ఎండల లెక్క వేరు

టైర్ల గురించి ఫోన్‌లో వెతికితే వింటర్ టైర్ల వీడియోలు కుప్పలుగా వస్తాయి. తెల్లటి మంచు రోడ్డు మీద పెద్ద పికప్ ట్రక్కు అడ్డంగా జారిపోతుంది. టైర్లు మార్చాక అదే బండి అనుకున్న చోట ఆగుతుంది. చిట్యాల దగ్గరో జడ్చర్ల దగ్గరో బొలెరో పికప్ నడుపుకునే మనిషికి అది చూసి వదిలేసే వినోదం. కొడుకో అల్లుడో అమెరికాలో ఉన్న ఇంట్లో అయితే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. అక్కడ చలికాలానికి వేరే టైర్లు వేస్తారట కదా, మనకూ అలాంటివేమైనా ఉన్నాయా అని.

మనకు వింటర్ టైరు అక్కర్లేదు. కానీ ఆ టైరును పుట్టించిన లెక్క ఇక్కడా పనికొస్తుంది. బండి తిరిగే ప్రాంతంలో రోడ్డు ఎంత వేడిగా, ఎంత చల్లగా ఉంటుందో చూసి దానికి తగిన రబ్బరు ఎంచుకోవాలన్నదే ఆ లెక్క. దక్షిణ తెలంగాణలో టైరుకు అసలు పరీక్ష మార్చి నుంచి జూన్ దాకా కాసే ఎండ, ఆ ఎండలో ఎక్కించే బరువు. షాపుకు వెళ్లినవాళ్లు మాత్రం ముందు చూసేది ట్రెడ్ (రోడ్డుకు ఆనే పైపొర) మీది డిజైన్‌ను, తర్వాత అడిగేది ధరను. వేడి, బరువు, గాలి సంగతి టైరు పేలాకే గుర్తొస్తుంది.

మంచు దేశాల టైరులో ఏముంది

రబ్బరు చలికి గట్టిపడుతుంది. మామూలు టైరు 7 డిగ్రీల కన్నా తక్కువ చలిలో మెల్లగా మెత్తదనం కోల్పోయి రోడ్డును పట్టుకోలేకపోతుంది. వింటర్ టైరులో సహజ రబ్బరు, సిలికా పాళ్లు సర్ది, గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. ట్రెడ్ దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలు వందల కొద్దీ ఉంటాయి. వాటి అంచులు మంచును పట్టుకుంటాయి. నిజమైన వింటర్ టైరుకు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు ఉన్న గుర్తు ఉంటుంది. మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకే ఆ గుర్తు వేస్తారు. ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న అక్షరాలకు అంత విలువ లేదు, అవి ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసేవే. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు వేయడం చట్టప్రకారం తప్పనిసరి. జర్మనీలో తేదీలు లేవు కానీ, రోడ్డు మీద మంచు ఉన్నప్పుడు ఆ టైర్లు లేకుండా బండి తీస్తే జరిమానా.

అక్కడ పికప్ కొన్న మనవాళ్లు రెండు విషయాలు తెలుసుకుంటే చాలు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా, మామూలు టైర్లతో నెట్టుకొద్దాం అనుకోవడం మొదటి పొరపాటు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది. ఆపాల్సింది బ్రేకు, టైరు. డబ్బు మిగులుతుందని వెనక రెండే వింటర్ టైర్లు వేయించడం రెండో పొరపాటు. అప్పుడు వెనక చక్రాలు బండిని తోస్తాయి కానీ ముందు చక్రాలు మలుపు తిరగవు. వేస్తే నాలుగూ వేయాలి.

ఇక మన దగ్గరికి వస్తే, నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో డిసెంబరు, జనవరి రాత్రులు బాగా చలి పెట్టినా ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పొద్దెక్కేసరికి మళ్లీ 28, 30. రబ్బరు గట్టిపడే చలి ఇక్కడ లేనే లేదు. ఎక్కడి నుంచో వింటర్ టైరు తెప్పించి వేసినా ఏప్రిల్‌లో దాని రబ్బరు మరీ మెత్తబడి, ట్రెడ్ దిమ్మెలు అటూ ఇటూ ఊగుతాయి, బ్రేకు దూరం పెరుగుతుంది, టైరు త్వరగా అరిగిపోతుంది.

ఎండ కన్నా లోపలి వేడి పెద్దది

నల్లగొండ జిల్లాలో మేలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మిర్యాలగూడ, నిడమనూరు, హాలియా వైపు వాళ్లకు అది ప్రతి ఏడూ చూసేదే. గాలి 45 ఉన్న మధ్యాహ్నం తారు రోడ్డు పైపొర 60 డిగ్రీలు దాటుతుంది. అయితే టైర్లు పేలడానికి ఎండ ఒక్కటే కారణమనుకుంటే సగమే అర్థమైనట్టు. నీడలో నిలబెట్టిన బండి టైరు ఎంత ఎండకైనా పేలదు. టైరు తన వేడిని తానే పుట్టించుకుంటుంది.

చక్రం ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ నేలకు తగిలిన భాగం నొక్కుకుపోతుంది, పైకి లేవగానే మళ్లీ సాగుతుంది. అలా నొక్కుకుని సాగిన ప్రతిసారీ కొంత శక్తి రబ్బరులోనే వేడిగా మిగిలిపోతుంది. 215/75 ఆర్ 15 టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. టాటా ఏస్‌కు వేసే 145 ఆర్ 12 టైరు ఇంకా చిన్నది. అదే వేగంలో సెకనుకు దాదాపు 13 సార్లు తిరగాలి. ఏస్‌తో హైవే మీద బొలెరోలకు పోటీగా పోయేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. చిన్న చక్రానికి చల్లారే వ్యవధి తక్కువ, వంగే సార్లు ఎక్కువ.

పుట్టిన వేడి బయటి గాలిలోకి పోవాలి. బయట 25 డిగ్రీలుంటే సులువుగా పోతుంది. బయటి గాలే 45, కింది రోడ్డు 60 అయినప్పుడు అది లోపలే పేరుకుంటుంది. రేడియల్ టైరులో ట్రెడ్ కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. ఆ పట్టీల అంచుల దగ్గర రబ్బరుకూ ఉక్కుకూ ఉన్న పట్టు వేడికి సడలడం మొదలవుతుంది. ఒక్క రోజులో ఏమీ కాదు. రెండు ఎండాకాలాలు గడిచాక ఏదో ఒక మధ్యాహ్నం నకిరేకల్ దాటాక ట్రెడ్ మొత్తం పట్టీలాగా ఊడి వస్తుంది. 65వ నంబరు హైవే పక్కన, 44వ నంబరు హైవే పక్కన పడి ఉండే నల్లటి రబ్బరు ముక్కల్లో చాలావాటి కథ ఇదే. ట్రెడ్ ఊడేముందు డ్రైవర్‌కు సాధారణంగా సూచన అందుతుంది. స్టీరింగ్‌లోనో సీటు కిందో ఇంతకుముందు లేని వణుకు, వేగంతో పాటు పెరిగే దడదడ. రోడ్డు బాగాలేదని సర్దుకోకుండా అప్పుడే ఆపి, టైరు మీద ఉబ్బు ఉందేమో చేత్తో తడిమి చూడాలి.

వేడిని పెంచేవి మూడు. ఎక్కువ బరువు, తక్కువ గాలి, ఎక్కువ వేగం. రెండు కలిసినా ప్రమాదమే. మూడూ కలిసి మే నెల మధ్యాహ్నం తోడైతే ఏ కంపెనీ టైరైనా ఒకటే.

ఒకే సైజు, వేరు వేరు టైర్లు

ఇక్కడ కాస్త ఆగి చూడాల్సిన ఉచ్చు ఒకటుంది. బొలెరో జీపుకూ, బొలెరో పికప్‌లలో చాలావాటికీ టైరు సైజు ఒకటే, 215/75 ఆర్ 15. ఇందులో 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 75 అంటే ఆ వెడల్పులో 75 శాతం టైరు పక్కగోడ ఎత్తు, ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. సైజు సరిపోయింది కదా అని జీపు టైరును పికప్‌కు వేస్తే రిమ్ము మీద చక్కగా కూర్చుంటుంది, బండీ నడుస్తుంది. ధర కూడా తక్కువ రావచ్చు. తేడా కనిపించేది సైజు పక్కన ఉండే ఇంకో అంకెలో.

దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. 100 అని ఉంటే ఒక్క టైరు 800 కిలోలు మోస్తుంది. 106 అంటే 950, 108 అంటే 1000, 112 అంటే 1120 కిలోలు. అంకె తర్వాత ఉన్న అక్షరం వేగానికి హద్దు. ఎల్ అంటే 120, ఎన్ అంటే 140, క్యూ అంటే 160, ఎస్ అంటే 180 కిలోమీటర్లు. సరుకు బండి టైరు మీద 106/104 అన్నట్టు రెండు అంకెలుంటే, మొదటిది ఒక్క టైరు వేసినప్పటికి, రెండోది జంట టైర్లు వేసినప్పటికి. పికప్‌కు చూడాల్సింది మొదటిదే. దానికి తోడు ఎల్‌టీ (లైట్ ట్రక్) అన్న అక్షరాలు, 8 పీఆర్ అన్న పొరల బలం గుర్తు కూడా ఉండాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఖాళీ బండి బరువులో వెనక ఇరుసు మీద 700 కిలోలు పడుతుందనుకుందాం. 40 కిలోల ధాన్యం బస్తాలు 32 ఎక్కిస్తే సుమారు 1300 కిలోలు. సరుకు పెట్టే డాలా వెనకవైపే ఉంటుంది కాబట్టి అందులో 1200 వెనక ఇరుసు మీదికే వస్తుంది. మొత్తం 1900 కిలోలు, ఒక్కో వెనక టైరుకు 950. అంటే 106 ఇండెక్స్ ఉన్న టైరుకు సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. అదే చోట 100 ఇండెక్స్ జీపు టైరు ఉంటే రెండూ కలిపి మోయగలిగింది 1600. బస్తాలు దింపేదాకా 300 కిలోలు టైరు శక్తికి మించి నడుస్తున్నాయన్నమాట. ఇదంతా బండికి అనుమతించిన బరువు ఎక్కించినప్పటి లెక్క. బత్తాయి సీజన్‌లో రెండు టన్నుల కాయ ఎక్కించి బాటసింగారం మార్కెట్‌కు పరుగెత్తే బండికి ఈ లెక్క వేయాలంటేనే టెన్షన్.

ఇక్కడే కమాన్ పట్టీల సంగతి చెప్పుకోవాలి. బరువుకు డాలా కుంగిపోతోందని వెనక కమాన్ కట్టలో (స్ప్రింగులో) అదనంగా ఒకటో రెండో పట్టీలు వేయించడం మన దగ్గర మామూలే. పట్టీలు వేశాక బండి వెనక భాగం లేచి నిలబడుతుంది, లోడు తట్టుకుంటోందనిపిస్తుంది. స్ప్రింగు గట్టిపడింది నిజమే. టైరు మోసే బరువు మాత్రం ఒక్క కిలో కూడా పెరగలేదు. పైగా ఇదివరకు కుంగిన డాలా చేసే హెచ్చరిక ఇప్పుడు పోయింది. పట్టీలు వేయించే ఖర్చులో కొంత ఎక్కువ ఇండెక్స్ ఉన్న టైర్ల మీద పెట్టడం మేలు. అదీ రిమ్ము, బ్రేకులు, బండికి రాసిచ్చిన మొత్తం బరువు ఒప్పుకున్న మేరకే.

గాలి: చలికాలం నిజంగా అడిగే ప్రశ్న

ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు మారితే కారు టైరులో గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐ (గాలి మీటరు మీది కొలత) దాకా మారుతుంది. ఎక్కువ గాలి పట్టే పికప్ టైరులో ఇంకొంచెం ఎక్కువే మారుతుంది. దక్షిణ తెలంగాణలో చలికాలం టైరుకు తెచ్చే చిక్కు ఇదే, రబ్బరుతో సంబంధం లేనిది. ఏప్రిల్‌లో 43 డిగ్రీల నీడలో 60 పీఎస్‌ఐ గాలి నింపిన వెనక టైరు, ఎవరూ ముట్టుకోకపోయినా, చుక్క గాలి కారకపోయినా, జనవరి తెల్లవారుజామున 13 డిగ్రీల దగ్గర 53 చూపిస్తుంది. ఏడు పీఎస్‌ఐ చలికే పోయింది. టైరు తనంతట తాను కార్చుకునే గాలి దీనికి అదనం.

పత్తి, వానాకాలం ధాన్యం జోరుగా కదిలేది ఆ నెలల్లోనే. చలికాలం కదా, టైరుకు ఎండ భయం లేదు కదా అన్న ధీమాతో తక్కువ గాలి మీద నిండు లోడు నడుస్తుంది. టైరు పక్కలు ఎక్కువ వంగుతాయి, ట్రెడ్ రెండంచులూ అరుగుతాయి, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఉక్కు పట్టీల అంచులకు తగిలిన దెబ్బ మాత్రం బయటపడేది వచ్చే మేలో. అప్పుడు ఎండను తిట్టుకుంటారు.

కాబట్టి గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున బండి తీయకముందు, లేదా రెండు మూడు కిలోమీటర్లకు మించి నడపకముందు. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ పక్క స్టిక్కర్ మీద, బండి పుస్తకంలో ఖాళీ బండికి వేరు, నిండు లోడుకు వేరు అంకెలు ఉంటాయి. టైరు మీద అచ్చేసిన అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. నింపాల్సింది అంత అని కాదు. ముందు టైర్లకూ వెనక టైర్లకూ ఒకే గాలి కొట్టించే అలవాటు కూడా కారు నుంచి వచ్చిందే, పికప్‌కు అది సరిపోదు.

ఎండాకాలంలో చేసే తప్పు దీనికి తిరగబడ్డ రూపం. సూర్యాపేట దాకా నడిపి టీ కోసం ఆపినప్పుడు గాలి చూపిస్తే మీటరు నింపినదాని కన్నా పది దాకా ఎక్కువ చూపించవచ్చు. పేలుతుందన్న భయంతో గాలి తీసేస్తారు. టైరు ఆ పెరుగుదలను తట్టుకునేలాగే తయారవుతుంది. వేడి మీద గాలి తీస్తే చల్లారాక అది తక్కువ గాలి టైరు అవుతుంది, మర్నాడు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. ఏ భయంతో తీశారో అదే జరిగే దారి వేసినట్టు. నైట్రోజన్ నింపితే ఈ బాధ ఉండదన్న మాట కూడా కొంతవరకే నిజం. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్‌లో తేమ ఉండదు, కొంచెం నెమ్మదిగా కారుతుంది. వేడికి మాత్రం అదీ పెరుగుతుంది. డబ్బు తీసుకోకుండా నింపితే నింపించుకోవచ్చు. దాని కన్నా సొంతంగా ఒక మంచి మీటరు కొని డాష్‌బోర్డులో పెట్టుకోవడం ఎక్కువ ఉపయోగం.

డిజైన్, ముళ్లు, ట్యూబు

ట్రెడ్ డిజైన్ గురించి షాపుల్లో ఎక్కువ మాటలు నడుస్తాయి కానీ నిజానికి చెప్పాల్సింది తక్కువ. నిలువు గీతల టైరు హైవేకు మంచిది. తక్కువ వేడెక్కుతుంది, నీటిని తోస్తుంది, మైలేజీ ఇస్తుంది. దిమ్మెలు విడివిడిగా లేచి ఉండే బటన్ టైరు పొలం దారుల్లో, మొరం రోడ్డు మీద, క్వారీల దగ్గర పట్టు ఇస్తుంది. కానీ దాని దిమ్మెలు మందం. మందపాటి రబ్బరు వేడిని త్వరగా వదలదు. వారానికి ఆరు రోజులు హైవే మీద తిరిగే బండికి, చూడ్డానికి గట్టిగా ఉందని బటన్ టైరు వేస్తే మే నెలలో అదే శత్రువు. మధ్యరకం, అంటే మధ్యలో గీతలు, అంచుల్లో దిమ్మెలు ఉన్న టైరు చాలామందికి సరిపోతుంది. నల్లరేగడిలో వాన పడ్డాక మాత్రం బటన్ల సందులన్నీ బంకమట్టితో పూడిపోయి అదీ నున్నటి టైరే అవుతుంది. రేగడి పొలంలోకి వానాకాలం బండి దింపకపోవడమే దానికి మందు. వెనక చక్రాలకు బటన్ టైర్లు వేసి ముందువాటికి గీతల టైర్లు ఉంచేవాళ్లూ ఉన్నారు. పొలానికీ మార్కెట్‌కూ సమానంగా తిరిగే బండికి అది ఒప్పుకోదగ్గ సర్దుబాటే.

ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి పెద్ద పికప్‌లు కొన్నవాళ్లది వేరే లోకం. వాటికి సరుకు బరువు సమస్య అంతగా ఉండదు. కొండదారులు తిరగకుండా అందం కోసం ఆల్ టెరైన్ (అన్ని రకాల దారులకూ చేసిన) టైర్లు వేయిస్తే చప్పుడు, డీజిల్ ఖర్చు రెండూ పెరుగుతాయి.

ముళ్ల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. చెరువు కట్టల వెంట, కాలువ గట్ల మీద, పల్లె రోడ్ల పక్కన సర్కారు తుమ్మ లేని ఊరు ఈ రెండు జిల్లాల్లో వెతికినా దొరకదు. కంప కొట్టి రోడ్డు అంచున వేసిన చోట బండి దించితే పంచరే. ట్యూబ్ టైరులో ముల్లు దిగితే గాలి వెంటనే పోతుంది, కనీసం సంగతి తెలుస్తుంది. ట్యూబ్‌లెస్‌లో ముల్లు అక్కడే ఇరుక్కుని గాలి కొద్దికొద్దిగా కారుతుంది. రోడ్డు మధ్యలో ఆగిపోకుండా ఇల్లు చేరతారు, అది దాని గొప్ప. కానీ వారం రోజులు ఎవరూ చూడకపోతే ఆ చిన్న ముల్లే తక్కువ గాలికి, తక్కువ గాలి వేడికి, వేడి ట్రెడ్ ఊడడానికి దారితీస్తుంది. అయినా ట్యూబ్‌లెస్ రేడియలే మేలు. ట్యూబుకూ టైరుకూ మధ్య రాపిడి ఉండదు, తక్కువ వేడెక్కుతుంది. రేడియల్ కాని పాతరకం నైలాన్ టైరు పక్కలు రాళ్ల దెబ్బలు బాగా ఓర్చుకుంటాయి కాబట్టి వాడపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి దారుల్లో నెమ్మదిగా తిరిగే బండ్లకు ఇంకా పనికొస్తుంది. హైవే ఎక్కే బండికి కాదు. ఇంకొకటి, ముల్లు ట్రెడ్‌లో దిగితే పంచర్ వేయించుకోవచ్చు. పక్కగోడలో దిగితే ఆ టైరు హైవేకు పనికిరాదు, ఎంత కొత్తదైనా సరే.

తడి రోడ్డు, ఖాళీ డాలా

వాన గురించి మాట్లాడితే అందరూ లోడు బండి గురించే భయపడతారు. జారేది ఎక్కువగా ఖాళీ బండి. పికప్‌లో ఇంజన్ ముందు, తోసే చక్రాలు వెనక. డాలా ఖాళీ అయితే ఆ తోసే చక్రాల మీద బరువే ఉండదు. లోడు కోసం నింపిన 60 పీఎస్‌ఐ అలాగే ఉంటుంది. టైరు రాయిలా బిగిసి, నడిమి భాగం మాత్రమే రోడ్డుకు ఆనుతుంది. గట్టి కమాన్ పట్టీలు చిన్న గుంతకే వెనక భాగాన్ని ఎగరేస్తాయి. పొద్దున హైదరాబాద్‌లో సరుకు దింపి, తిరుగు దారిలో తొలకరి చినుకులకు దుమ్ము, ఆయిల్ కలిసి జిగటగా మారిన రోడ్డు మీద చౌటుప్పల్ దగ్గర బ్రేకు తొక్కితే వెనక భాగం ముందుకు తిరగడానికి కారణాలన్నీ అక్కడున్నాయి. కిరాయికి పోయేవాళ్లు ఒకవైపు లోడుకు, ఒకవైపు ఖాళీకి గాలి మార్చుకుంటూ కూర్చోలేరు. చేయగలిగింది ఖాళీ బండి తేలికని ఉరికించకుండా ఉండడం, వెనక టైర్లకు ట్రెడ్ లోతు ఉండేలా చూసుకోవడం.

రెండే కొత్త టైర్లు కొంటే ఎక్కడ వేయాలన్న వాదన కూడా ఇక్కడే తేలుతుంది. ముందే వేయాలనేవాళ్ల మాటలో న్యాయం ఉంది. ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు. పెద్ద లారీల అలవాటు కూడా అదే. కానీ తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, డ్రైవర్ యాక్సిలరేటర్ వదిలితే పట్టు తిరిగి వస్తుంది. వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని సరిచేసే నేర్పు అందరికీ ఉండదు. సగం దూరం ఖాళీగా తిరిగే పికప్‌కు కొత్తవి వెనక వేయడమే సబబు. షరతు ఒక్కటే. ముందు ఉండేవి పాతవైనా దెబ్బతినని, ఉబ్బు, పగుళ్లు లేని టైర్లు అయ్యుండాలి. అరిగి సగమైన రీట్రెడ్ (పాత టైరుకు కొత్త ట్రెడ్ అతికించిన) టైరు ముందు వేసి, కొత్తవి వెనక వేసుకుని ఈ సూత్రం పాటించామనుకుంటే ప్రయోజనం లేదు.

చట్టం ప్రకారం ట్రెడ్ లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలు కనిపిస్తాయి. ట్రెడ్ అరిగి వాటితో సమానమైతే ఆ హద్దుకు వచ్చినట్టు. వానాకాలానికి అది మరీ తక్కువ. జూన్ మొదటి వారానికి 3 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే అప్పుడే మార్చడం తెలివైన పని. ఎలాగూ రెండు నెలల్లో మార్చేదే. ఆ రెండు నెలలూ వానలే.

కొనేటప్పుడు పక్కగోడ చదవడం

టైరు వయసు దాని మీదే రాసి ఉంటుంది. డాట్ (DOT) అన్న అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడాలి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైనట్టు. షాపులో ఏడాది దాటి నిలువ ఉన్నదాన్ని పూర్తి ధరకు కొనడం ఎందుకు? పైగా ఆ ఏడాదీ రేకుల షెడ్డులో ఎండకు కాగి ఉంటే రబ్బరు ముసలిది అవుతుంది. అరగకపోయినా అయిదారేళ్లు దాటిన టైరును లోడు కింద నమ్మడం మంచిది కాదు. పక్కగోడ మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తే వయసు లెక్క కూడా అక్కర్లేదు. ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో చూడడం ఎలాగూ తప్పదు.

కంపెనీ పేరు గురించి ఎక్కువ తల పట్టుకోనక్కర్లేదు. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో కర్మాగారం ఉన్న ఎంఆర్‌ఎఫ్ మొదలుకొని అపోలో, సియట్, జేకే దాకా పికప్ టైర్లు చేసే పెద్ద కంపెనీల్లో సరైన ఇండెక్స్, సరైన రకం ఎంచుకుంటే తేడా చిన్నదే. దగ్గరి డీలర్ వారంటీ కాగితం సరిగ్గా రాసిచ్చేవాడా కాదా అన్నది అంతకన్నా ముఖ్యం. అయితే ఓవర్‌లోడు వల్లో తక్కువ గాలి వల్లో పాడైనట్టు తేలితే వారంటీ సాధారణంగా వర్తించదు. తెరిచి చూస్తే లోపలి గోడ మీద రబ్బరు పొడి, నలిగిన గీత ఆ సంగతి చెప్పేస్తాయి.

రీట్రెడ్ టైర్ల మీద చిన్నచూపు అక్కర్లేదు. ఒరిజినల్ టైరు లోపలి కట్టు బాగుంటే, పేరున్న చోట కోల్డ్ రీట్రెడ్ (ముందే తయారైన ట్రెడ్‌ను తక్కువ వేడిలో అతికించే పద్ధతి) చేయిస్తే వెనక చక్రాలకు నిక్షేపంగా నడుస్తుంది. ఎవరి టైరో, ఎన్ని ఎండలు చూసిందో తెలియని రీట్రెడ్‌ను చవకగా వస్తోందని కొనడం మాత్రం వద్దు. ఎంత చవక అన్న లెక్క కిలోమీటరుకు వేసుకోవాలి. ఉదాహరణకు ఒక టైరు 6000 రూపాయలకు వచ్చి 30 వేల కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 20 పైసలు. ఇంకోటి 8000 పెట్టి కొని 50 వేలు నడిస్తే 16 పైసలు. రోడ్డు మీద పేలిన రోజు పోయే కిరాయి, కుళ్లే బత్తాయి ఈ పైసల్లో లేవు.

ఆఖరుగా స్టెప్నీ. డాలా కింద గొలుసుకు వేలాడుతూ దుమ్ము, బురద, సైలెన్సర్ వేడి అన్నీ తినేది అదే. అందులో గాలి చూసేవాళ్లు అరుదు. కొత్త టైర్లు వేయించిన రోజే పాతవాటిలో మంచిదాన్ని స్టెప్నీగా పెట్టించి, దానికి కూడా వెనక టైరుకు నింపినంత గాలి నింపించాలి. తక్కువైతే తీయడం నిమిషం పని. తుమ్మ ముల్లు దిగిన రాత్రి దేవరకొండ దారిలో గాలి నింపే చోటు వెతుక్కోవడమే కష్టం.